హిత్తీయులంటే ఎవరని పిల్లాడు అడిగాడు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మా సండే స్కూల్లో బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం 23వ అధ్యాయం చదివించాను. భార్య శారా చనిపోతే ఆమెను పాతిపెట్టడానికి అబ్రాహాము హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర 400 తులాల వెండి తూచి ఇచ్చి మక్పేలా పొలం, గుహ కొంటాడు. "టీచర్, హిత్తీయులంటే ఎవరు?" అని ఏడో తరగతి పిల్లాడు అడిగాడు. "అదొక జాతి" అని దాటేశాను. ఇంటికొచ్చాక నాకే సిగ్గేసింది.

తర్వాత చదివాను. 1906లో టర్కీలోని బొగాజ్‌కోయ్‌లో తవ్వితే వేల మట్టి పలకలు దొరికాయి. అదే వాళ్ల రాజధాని హత్తుషా. 1915లో హ్రోజ్నీ అనే చెక్ పండితుడు ఆ భాషను విప్పాడు. అందులో నీళ్లను 'వాతర్' అంటారు, ఇంగ్లీషు వాటర్‌కి చుట్టమే! ఈజిప్టు రాజు రామ్సెస్‌తో వాళ్లు చేసుకున్న శాంతి ఒప్పందం పలకల మీద ఇప్పటికీ ఉంది. సిరియా వైపున్న మితన్ని రాజ్యపు రాజుతో చేసుకున్న ఒప్పందంలో మన మిత్ర, వరుణ, ఇంద్రుల పేర్లు సాక్షులుగా ఉన్నాయి. అది చదివి ఒళ్లు జలదరించింది.

అయితే కనానులోని (ఇప్పటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతం) ఎఫ్రోను, దావీదు రాజు కొలువులోని హిత్తీయుడైన ఊరియా ఈ టర్కీ వాళ్లేనా అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. హత్తుషా క్రీ.పూ. 1200 ప్రాంతంలో పడిపోయింది. ఆ తర్వాత సిరియా వైపు మిగిలిన చిన్న రాజ్యాల రాజులే బైబిల్ రాజుల గ్రంథాల్లోని 'హిత్తీయుల రాజులు' అని చాలామంది అంటారు. ఈ తేడా కూడా పిల్లలకు చెప్పాలి.

మీ ఆదివారం పుస్తకంలో ఒక్క పేజీ, ఒక మ్యాపుతో ఇవ్వండి. క్లాసులో గోడకు అంటిస్తాను.

– ఒక సండే స్కూల్ టీచర్, తెనాలి