తల్లులే స్వయంగా వచ్చి మాట్లాడాలి

మాన్యులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల జరిగిన పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశం విషయమై ఈ లేఖ రాస్తున్నాను. హాజరు పట్టికలో తల్లుల పేర్లు ఉన్నాయి, కుర్చీల్లో మాత్రం చాలావరకు తండ్రులే కూర్చున్నారు. వచ్చిన ఒక తల్లి, మధ్యాహ్నం తర్వాత బాలికల మరుగుదొడ్లకు నీళ్లు రావడం లేదన్న మాటను భర్త చెవిలో చెప్పగా, ఆయన లేచి మాకు చెప్పారు. ఆ ఇబ్బంది ఆమెకు కూతురి ద్వారా తెలిసింది. ఎన్ని రోజులుగా ఉందో, ఏ తరగతి పిల్లలు ఇంటికి వెళ్లిపోతున్నారో ఆమెకే తెలుసు. మేము అడిగిన ప్రశ్నలకు ఆయన జవాబు చెప్పలేకపోయారు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. పాఠశాల పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడడం ఈ కమిటీ బాధ్యతలు. ఇవి సంతకంతో తీరే పనులు కావు.

మన నెల్లూరు జిల్లాలోని దూబగుంటలో మహిళలు సారాకు వ్యతిరేకంగా కదిలింది అక్షరాస్యతా తరగతుల నుంచే. పగలంతా కూలికి వెళ్లి, రాత్రి పలక పట్టిన ఆ అక్కచెల్లెళ్లు, పాఠంలో తమ ఇంటి బాధను చూసుకుని, నలుగురిలో దాని గురించి మాట్లాడుకుని, తమ ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ కదలిక 1992లో జిల్లా అంతా పాకి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. వారికి ముందుగా దొరికింది భయం లేకుండా మాట్లాడుకునే ఒక చోటు. మన కమిటీ కూడా అలాంటి చోటు కావాలని నా కోరిక.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించింది; మన రాష్ట్రంలో 2011లో చేసిన చట్టంతో అవి సగానికి పెరిగాయి. అయినా సర్పంచి కుర్చీలో ఆమె, మాట ఆయనది అన్న తీరు చాలా ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. మాట్లాడే అలవాటు ఎన్నిక నాటికి ఒక్కసారిగా రాదు కనుక, అది పిల్లల బడి దగ్గరే మొదలవడం మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వచ్చే మూడు శనివారాలు సాయంత్రం 5 గంటలకు తల్లులకు శిక్షణ ఉంటుంది. తీర్మానాల పుస్తకం చదవడం, ఖర్చుల లెక్క చూడడం, లేచి నిలబడి ప్రశ్న అడగడం నేర్పుతాం. చదవడం రానివారు తప్పక రావాలి. పుస్తకం చదివి వినిపించే బాధ్యత మాది. నాట్లకు, ఉపాధి పనికి వెళ్లేవారికి వీలుగా ఈ సమయం పెట్టాము. చంటిపిల్లలను వెంట తీసుకురావచ్చు, వారిని చూసుకునేందుకు ఒక గది కేటాయించాము.

తండ్రులను కోరేది ఒక్కటే. ఆ మూడు సాయంత్రాలు ఇంటి పని, వంట మీరు చూసుకోండి, తర్వాతి సమావేశానికి ఆమెనే పంపండి. నీళ్ల సమస్యపై ఆ తల్లి నోటి నుంచే వివరాలు విని తీర్మానం రాయడానికి మేము ఎదురుచూస్తున్నాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు