ఉద్దానం కోలుకుందని ఎవరు తేల్చారు?

సంపాదకుల వారికి,

నమస్కారం. తిత్లీ తుపానుకు ఏడేళ్ళు నిండిన సందర్భంగా, శ్రీకాకుళం తీరంలోని మా కొబ్బరి తోటల సీమ ఉద్దానం గురించి ఈ నెల 11న మీ పత్రిక జిల్లా పుటలో వచ్చిన కథనాన్ని ఆ ఉదయమే చదివాను. కోపంలో రాస్తే మాట తూలుతుందని పది రోజులు ఆగాను. ఆగినా మనసు కుదుటపడలేదు కనుక రాస్తున్నాను. ‘మళ్ళీ పచ్చబడిన ఉద్దానం’ అని శీర్షిక పెట్టి, రైతులు కోలుకున్నారని రాసి, ఆకాశం నుంచి తీసిన ఫొటో వేశారు. ఆ ఫొటోలో పచ్చగా కనిపించేదంతా కొబ్బరి కాదు. తోటలు పోయాక చేసేది లేక రైతులు వేసుకున్న సరుగుడు కొంత, దున్నే శక్తి లేక వదిలేసిన మడుల్లో ఏపుగా పెరిగిన తుప్పలు కొంత. కిందికి దిగి నడిచి చూస్తే ఈ తేడా తెలియడానికి ఎవరికీ ఐదు నిమిషాలు పట్టదు.

2018 అక్టోబరు 11, శరన్నవరాత్రుల్లో రెండో రోజు. తెల్లవారుజామున గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో, ఉండి ఉండి 165 దాకా ఎగసే గాలితో తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్టు నడిమికి విరిగితే వచ్చే చప్పుడు వేరు, వేళ్ళతో సహా కూలితే వచ్చే చప్పుడు వేరు. ఆ చీకట్లో ఆ రెండు చప్పుళ్ళనూ లెక్కపెడుతూ నేనూ, నా భార్యా, మా ఇంట్లో తలదాచుకున్న రెండు పక్క కుటుంబాలూ గోడకు వీపులానించి కూర్చున్నాం. తెల్లవారాక అరుగు మీదికి వస్తే, పుట్టి అరవై రెండేళ్ళలో ఆ అరుగు మీద నుంచి ఎన్నడూ కనబడని సముద్రం ఎదురుగా కనబడింది. మధ్యలో అడ్డుగా ఉండవలసిన తోటలు లేవు.

మా తాతగారి చేతి మీద పెరిగిన చెట్లు 112. ఆ ఉదయం నిలబడి ఉన్నవి 17. ఈ 17 గురించే నేను ముఖ్యంగా చెప్పాలి. చూడడానికి అవి బతికినట్టే ఉన్నాయి, కానీ గాలికి మెలితిరిగి చాలావాటికి మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే లేత చిగురు, దెబ్బతింది. మొవ్వు పోయిన కొబ్బరి చెట్టు వెంటనే చావదు. పక్క మట్టలు ఒక్కొక్కటే వాలిపోతాయి, లోపల కుళ్ళుతుంది, నెలలు గడిచాక తల ఊడి పడుతుంది. మరుసటి వానాకాలానికి ఆ పదిహేడింటిలో పదకొండు అలాగే పోయాయి. నష్టం రాయడానికి వచ్చిన బృందం మాత్రం నేల మీద పడి ఉన్నవే రాసుకుంది. నిలబడ్డ చెట్టును నష్టంగా ఎలా రాస్తామని అడిగారు. మళ్ళీ వచ్చి చూస్తామన్నారు, రాలేదు. ఆ పదకొండింటి కోసం నేను ఎన్నిసార్లు ఎన్ని బల్లల ముందు నిలబడ్డానో రాయడం మొదలుపెడితే ఈ ఉత్తరం సాగుతూనే ఉంటుంది. మా ఊళ్ళో ఇటువంటి చెట్లు లేని రైతు ఒక్కరూ లేరు.

పరిహారం గురించి మీ కథనం గొప్పగా రాసింది. చెట్టుకు మొదట 1,500 రూపాయలన్నారు, 2019లో దాన్ని 3,000 చేశారు. పెంచినందుకు మేము కృతజ్ఞులమే. అయితే చెట్టుకు ఏడాదికి యాభై కాయలు, కాయకు పది రూపాయలు అని తక్కువలో తక్కువ వేసుకున్నా ఈ ఏడేళ్ళలో ఒక్కో చెట్టు మీద పోయింది 3,500. అరవై ఏళ్ళు కాపునిచ్చే చెట్టుకు ఏడేళ్ళ కాపు విలువ కూడా అందలేదని అర్థం. అందిన సొమ్మును పట్టుకుని ‘కోలుకున్నారు’ అని రాయడం న్యాయం కాదు. 2019 వానల్లో నాటిన పొడవు రకం మొక్కలు మా ఊళ్ళో ఈ ఏడాదే మొదటి గెల వేస్తున్నాయి, అదీ నీళ్ళు పెట్టగలిగిన వాళ్ళవి. ఏడేళ్ళు గడిచాక మేము నిలబడ్డది మొదటి గెల దగ్గర.

బీమా మాట కూడా చెప్పాలి. కొబ్బరి అభివృద్ధి బోర్డు పథకం ఒకటి తిత్లీకి ఎంతో ముందు నుంచే ఉంది. నేను చదివిన నిబంధనల ప్రకారం 16 ఏళ్ళు దాటిన చెట్టుకు 1,750 రూపాయల బీమా, ఏడాదికి 14 రూపాయల ప్రీమియం. అందులో సగం బోర్డు భరిస్తుంది, పావు వంతు రాష్ట్రం, మిగిలిన పావు వంతు రైతు. అంటే రైతు చేతి నుంచి చెట్టుకు మూడున్నర రూపాయలు. నా 112 చెట్లకు ఏడాదికి 392 రూపాయలు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను మా పక్కనే ఒడిశాలో ఉన్న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మమ్మల్ని కొట్టింది, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. ఆ రెండూ చూశాక కూడా ఊరూరా రైతులను కూర్చోబెట్టి ఈ 392 రూపాయల సంగతి చెప్పాలని బాధ్యత గలవారెవరికీ తోచలేదు. తిత్లీకి ముందు మా ఊళ్ళో ఈ పథకం పేరు విన్నవాడు లేడు. నేను ముప్పై మూడేళ్ళు బడిలో పాఠం చెప్పినవాణ్ణి, నేనూ వినలేదు.

పడిపోయిన మానుల సంగతి మరొకటి. ఎకరా తోటలో అడ్డదిడ్డంగా పడ్డ మానులను కోయించి బయటికి లాగించాలంటే చేతిలో డబ్బుండాలి. లేనివాళ్ళవి అక్కడే చివికిపోయాయి. కుళ్ళిన మానుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, దెబ్బ తగిలిన చెట్టు వాసనకు ఎర్ర ముక్కు పురుగు వస్తుంది. గాలికి నిలిచిన చెట్లను ఈ రెండూ పట్టాయి, కొత్తగా నాటిన మొక్కల మొవ్వునూ కొమ్ము పురుగు తొలిచింది. ఆ తరవాత తెల్లదోమ. పక్కవాడి తోటలో మాను తీయకపోతే నా తోటలో మొక్క చస్తుందన్న చిన్న విషయం గ్రహించి, ఊరినంతటినీ ఒక తోటగా చూసి శుభ్రం చేయించి ఉంటే ఇన్ని మొక్కలు రెండేసి సార్లు నాటవలసి వచ్చేది కాదు.

ఇదంతా భూమి ఉన్నవాడి బాధ. తోటను కౌలుకు చేసినవాడికి పరిహారమూ దక్కలేదు, ఎందుకంటే అది పట్టాదారు పేరు మీదికి వెళ్ళింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, మంచిదే. కానీ అందులో ఇచ్చే ఒప్పంద పత్రం గడువు పదకొండు నెలలు, దాని మీద యజమాని సంతకం ఉండాలి. వరికి అది సరిపోతుందేమో. ఏడేళ్ళు నీళ్ళు మోస్తే గాని గెల వేయని చెట్టును పదకొండు నెలల కాగితంతో ఎవరు పెంచుతారు? ఇక దింపు కార్మికులు, ఒలుపు కార్మికులు, పీచు తీసి తాళ్ళు పేనే ఆడవాళ్ళు, జీడిపిక్కలు ఏరే కూలీలు ఏ జాబితాలోనూ లేరు. మా తోటలో ఇరవై ఏళ్ళు కాయ దింపిన మనిషి తిత్లీ తరవాత నెలకు నా దగ్గరికి వచ్చి, ‘చెట్లే నేవు కదా మాస్టారూ, ఇంక నానేటి ఎక్కుతాను’ అని, మోకులు మా అటక మీద పెట్టుకోమని ఇచ్చి, చెన్నైలో కట్టడం పనికి వెళ్ళిపోయాడు. ఆ మోకులు ఇంకా మా అటక మీదే ఉన్నాయి. బెస్తవాడల కుర్రాళ్ళు ఎప్పటిలాగే గుజరాత్‌లోని వెరావల్ చేపల బోట్లకు వెళ్ళారు, ఈసారి వాళ్ళ వెంట వ్యవసాయం చేసుకునే ఇళ్ళ కుర్రాళ్ళు కూడా వెళ్ళారు. వీళ్ళను లెక్కలోకి తీసుకోకుండా కోలుకున్నది ఎవరో నాకు అర్థం కావడం లేదు.

ఊరు నిలదొక్కుకున్నంత మేరకు తన బలంతోనే నిలదొక్కుకుంది. ఇది మీ కథనంలో ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. తుపాను వెళ్ళిన పూటే మా కుర్రాళ్ళు గొడ్డళ్ళు, రంపాలు పట్టుకుని ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా అడ్డుపడ్డ చెట్లను నరుకుతూ పోయారు. ఎదురు ఊరివాళ్ళు అవతలి నుంచి నరుక్కుంటూ వచ్చారు. మధ్యలో ఇద్దరూ కలిసేసరికి పొద్దు వాలింది. ఆ దారి తెరుచుకోవడం ప్రాణం మీది పని, ఎందుకంటే ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు, రక్తశుద్ధి (డయాలసిస్) తేదీ తుపాను కోసం ఆగదు. మరునాడు ఒక ముసలాయనను మడత మంచంతో సహా ట్రాక్టరు మీద పెట్టి పలాస తీసుకెళ్ళారు. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయి బోర్లు ఆగిపోతే, పెళ్ళిళ్ళకు లైట్లు కట్టే ఒకాయన తన జనరేటరును రోజుకో వీధికి తిప్పి నీళ్ళు తోడించాడు. డీజిలుకు తలా ఇంత వేసుకున్నాం. అమ్మవారి మండపం దగ్గర దసరా దాకా ఒకటే పొయ్యి, ఊరంతటికీ ఒకటే వంట. ఉత్సవానికి పోగుచేసిన చందా బియ్యానికి సరిపోయింది. అప్పటి ముఖ్యమంత్రి, మంత్రులు, అధికారులు పలాసలో మకాం వేసి పనిచేసిన మాట నిజం, కాదనను. కానీ మా ఊరికి ఆ సాయం చేరేసరికి దారి తెరిచి ఉన్నది మా కుర్రాళ్ళ చేతుల వల్ల.

నా ఫిర్యాదు ఒక్క తిత్లీతో ఆగేది కాదు. ప్రతి తుపానుకూ లెక్క కొత్తగా మొదలవుతుంది. ఏ తోటలో ఎన్ని చెట్లున్నాయో, వాటి వయసెంతో, ఎవరు సాగు చేస్తున్నారో తుపానుకు ముందు రాసి పెట్టుకునే అలవాటు లేదు. చెట్లు పడ్డాక కొబ్బరికీ తాటికీ తేడా తెలియని పరాయి మండలాల ఉద్యోగులను పంపి, నాలుగు రోజుల్లో తేల్చమంటారు. రోడ్డు పక్క తోటలు రాస్తారు, లోపలివి అడిగి రాస్తారు. అడిగి రాసిన చోట పలుకుబడి గలవాడి చెట్లు పెరుగుతాయి, నోరులేనివాడి చెట్లు తరుగుతాయి. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ కొబ్బరి నేలమట్టమైనప్పుడు ఈ పాఠం నేర్చుకోవలసింది. ఇప్పుడు ఊరికొక సచివాలయం, ప్రతి ఉద్యోగి చేతిలో ఫోను ఉన్నాయి. వేసవిలో ఒక్కసారి చెట్లు లెక్కించి, ఆ జాబితాను గోడకు అంటించి, అభ్యంతరాలు విని, ఏటా సరిచేయడానికి అడ్డేమిటో ఎవరైనా చెప్పాలి.

తీరం వెంట సరుగుడు, తాటి, మొగలి పొదలు దట్టంగా ఉన్న చోట లోపలి తోటలకు గాలి దెబ్బ కొంత తగ్గిందని మా పెద్దలు అంటారు, నేనూ చూశాను. ఆ పొదలను తవ్వి చదును చేసేవాళ్ళను ఆపేవారు లేరు. ఉపాధి హామీ కింద మొక్కలు నాటించడం మంచి పనే, కానీ అది ముఖ్యంగా జాబ్ కార్డు, సొంత భూమి ఉన్న సన్న, చిన్నకారు రైతుకే. సొంత భూమి లేని కౌలుదారుకు, ఊరు విడిచి వెళ్ళినవాడికి ఆ దారి లేదు.

అయ్యా, మీ విలేకరిని మరొకసారి మా ప్రాంతానికి పంపించండి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏవైనా నాలుగు ఊళ్ళు ఆయననే ఎంచుకోమనండి. 2018లో ఎన్ని చెట్లున్నాయి, ఇప్పుడు కాపుకొచ్చినవి ఎన్ని, పదకొండు చెట్ల వంటి వదిలేసిన లెక్కలు ఎన్ని, ఊరు విడిచిన ఇళ్ళు ఎన్ని అన్న నాలుగు ప్రశ్నలే అడిగి, వచ్చిన జవాబులను శీర్షికగా వేయండి. వెంట తిరిగి తోటలు చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఉదయం ఆరు గంటలకే బయలుదేరాలి, ఎండెక్కాక ఆ ఇసుకలో నడవలేరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కొబ్బరి రైతు
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా