పాలసీ మొదటి పేజీ ఒక్కటే చూపిస్తే ఎలా?

సంపాదకులకు,

సంక్రాంతి వెళ్లిందంటే చాలు, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఇళ్లలో అమెరికా ప్రయాణాల హడావుడి మొదలవుతుంది. కూతురి పురిటికో, మనవడిని చూసుకోవడానికో పెద్దవాళ్లు ఆరు నెలలకు పెట్టెలు సర్దుకుంటారు. ఆవకాయ కారకుండా కట్టడంపై పెట్టే శ్రద్ధలో సగం కూడా ట్రావెల్ ఇన్సూరెన్స్‌పై పెట్టరు. టికెట్ తీసిన ఏజెంటే పాలసీ కూడా తీసి, పీడీఎఫ్ వాట్సాప్‌లో పడేస్తాడు. "50 వేల డాలర్ల కవరేజీ అండీ, టెన్షన్ పడకండి" అంటాడు. అంతటితో సరి.

ఆ 50 వేలు మొదటి పేజీలోని అంకె. సబ్‌లిమిట్లు లోపలి పేజీల్లో ఉంటాయి, అదీ 60 దాటినవాళ్ల పాలసీల్లో మరీ ఎక్కువ. గదికి రోజుకు ఇంత, ఐసీయూకి ఇంత, ఆపరేషన్‌కు ఇంత, అంబులెన్స్‌కు ఇంత అని దేనికది విడిగా కట్టడి చేస్తారు. మాటవరసకు ఐసీయూకి రోజుకు 2 వేల డాలర్లే అని రాసి ఉండి, ఆసుపత్రి 8 వేలు వేసిందనుకోండి. మిగతా 6 వేలు ఏ రోజుకారోజు పిల్లల నెత్తినే పడతాయి. పాలసీలో ఇంకా 40 వేలు మిగిలున్నా ఆ తేడాకు పనికిరావు. ఇది చాలదన్నట్టు డిడక్టబుల్ ఒకటి. చాలా పాలసీల్లో 100 డాలర్లు ముందు మన జేబులోంచే పోతాయి. సబ్‌లిమిట్ లేని పాలసీలూ ఉన్నాయి, ప్రీమియం ఎక్కువ. ఏది కొనాలన్నది కొనేవాళ్ల ఇష్టం. అసలు రెండు రకాలున్నాయని కూడా చెప్పకపోవడం మాత్రం అన్యాయం.

ఇక బీపీ, షుగర్. "అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుద్ది, వదిలేయండి" అనే ఉచిత సలహా దొరకని చోటు లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మామూలు పాలసీలు ప్రాణం మీదికి వస్తే తప్ప డబ్బివ్వవు. కొన్ని అప్పుడూ ఇవ్వవు. దాచిపెడితే ఆ కాస్త ఆశా పోతుంది, ఎందుకంటే క్లెయిమ్ వేళకు కంపెనీ ఇక్కడి డాక్టరు చీటీలు అడుగుతుంది.

విదేశీ పాలసీ సాధారణంగా దేశం దాటాకే మొదలవుతుంది. విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లే రైలు దాని లెక్కలోకి రాదు. దానికి ఐఆర్‌సీటీసీ ఈ-టికెట్‌తో 45 పైసల బీమా ఉంది. మరణానికి 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 2 లక్షల వరకు. కౌంటర్ టికెట్‌కు, జనరల్ టికెట్‌కు అదీ లేదు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 14 మంది ప్రాణాలు పోయిన ప్రమాదంలో ఒక రైలు మన రాయగడ ప్యాసింజరే. అలాంటి రైళ్లలో వెళ్లేవాళ్లకు ఈ బీమా వర్తించదు. అయితే చెల్లే టికెట్ ఉంటే చాలు, మరణానికి 8 లక్షల పరిహారం రైల్వే చట్టం ప్రకారమే వస్తుంది. దానికి రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి, దాని బెంచి ఒకటి భువనేశ్వర్‌లోనే ఉంది.

బీమా కంపెనీతో పేచీ వస్తే, అలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఆంబుడ్స్‌మన్ కార్యాలయం కూడా భువనేశ్వర్‌లోనే. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో తేలకపోతే అక్కడికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

అక్కడిదాకా రాకుండా చేయాల్సిన పని చిన్నది. ఆరోగ్య పాలసీల ముఖ్యాంశాలను ఒక సమాచార పత్రంగా, అడిగితే ప్రాంతీయ భాషలో ఇవ్వాలని 2024 జనవరి 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. ప్రయాణ బీమా అమ్మే మన ఊళ్ల ఏజెంట్లు కూడా సబ్‌లిమిట్ల పట్టికను ఒడియాలోనో తెలుగులోనో అచ్చువేసి, డబ్బు తీసుకోకముందే చేతిలో పెట్టాలి. కంపెనీల జిల్లా అధికారులు ఈ మేరకు ఏజెంట్లకు ఆదేశాలివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాయగడ