మంత్రి సీతక్క గారికి: ఎల్‌జీబీటీ హక్కుల పని జీవోలతో మొదలుపెట్టండి, బిల్లును జాగ్రత్తగా రాయించండి

హైదరాబాద్, డిసెంబరు 2023

గౌరవనీయులైన స్త్రీ, శిశు సంక్షేమ శాఖ మంత్రి శ్రీమతి సీతక్క గారికి నమస్కారం.

డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చారు. ప్రమాణ స్వీకారం జరిగిన రెండో రోజే ఒక ప్రభుత్వం ఆ పని చేయడం మాకు చాలా పెద్ద విషయం. అయితే ఆధార్‌లో ‘పురుషుడు’ అని ఉన్న ట్రాన్స్ మహిళ బస్సెక్కితే కండక్టర్ ఏ కార్డు చూసి జీరో టికెట్ కొట్టాలి? చిక్కంతా ఆ కార్డు దగ్గరే ఉంది.

ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణకు 2019లో తెచ్చిన కేంద్ర చట్టం ప్రకారం ఆ గుర్తింపు కార్డు ఇవ్వాల్సింది జిల్లా కలెక్టర్. జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు, దానితో ఒక అఫిడవిట్ పెడితే చాలు. 2020 నిబంధనలు వైద్య పరీక్ష వద్దన్నాయి, 30 రోజుల గడువు పెట్టాయి. కింది స్థాయిలో ఇది ఎక్కడ చెడుతుందంటే, సెక్షన్ 6ను, సెక్షన్ 7ను కలిపేస్తారు. ‘ట్రాన్స్‌జెండర్’ అని పత్రం కావాలంటే సెక్షన్ 6 చాలు, ఆపరేషన్‌తో పని లేదు. ఆపరేషన్ తర్వాత ‘స్త్రీ’ లేదా ‘పురుషుడు’ అని మార్పించుకునేవారికే సెక్షన్ 7 కింద ఆసుపత్రి పత్రం అవసరం. ఆ తేడా తెలియని గుమాస్తా అందరినీ ఆసుపత్రికి పంపితే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. రెండో అడ్డంకి నివాసం. ఆ జిల్లాలో ఏడాదిగా ఉంటున్నట్టు చూపాలి. ఇంట్లోంచి గెంటేస్తే అద్దె గదుల్లో తలదాచుకునేవారికి అగ్రిమెంట్ ఎవరు రాసిస్తారు? సొంత అఫిడవిట్‌ను నివాస రుజువుగా తీసుకోవాలని, సెక్షన్ 6 దరఖాస్తుకు వైద్య కాగితం అడగకూడదని కలెక్టర్లందరికీ ఒక సర్క్యులర్ వెళ్తే చాలు. పత్రం చేతికొచ్చాక పదో తరగతి మెమోలో పేరు మార్చడానికి 15 రోజుల గడువు ఉందని విద్యాశాఖకు కూడా గుర్తు చేయండి.

ఇక హైకోర్టు తీర్పు. 1329 ఫస్లీ నాటి, అంటే 1919 నాటి నిజాం కాలపు చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించమంది, ఆడవేషంలో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయమంది. ఈ ఏడాది జులైలో హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. విద్యలో, ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్లకు, ఆసరా పింఛన్‌కు చర్యలు తీసుకోమంది. కొట్టేసిన చట్టాన్ని శాసనసభ లాంఛనంగా రద్దు చేయాలి. అది ఒక్క వాక్యం బిల్లు. పింఛన్ విషయంలో పక్కనున్న ఆంధ్రప్రదేశ్ 2018 నుంచే ట్రాన్స్‌జెండర్లకు విడిగా ఇస్తోంది.

రిజర్వేషన్ దగ్గర మాత్రం తొందరపడితే చేటు. ట్రాన్స్‌జెండర్లందరినీ ఒక గ్రూపుగా బీసీ జాబితాలో చేర్చడం సులభంగా కనిపిస్తుంది. అలా చేస్తే దళిత ట్రాన్స్ మహిళ తన ఎస్సీ కోటా వదులుకోవాల్సి వస్తుంది, ఆమెకు అది నష్టం. కర్ణాటక 2021లో ఎంచుకున్న దారి మెరుగైనది. అక్కడ ప్రతి కేటగిరీలోనూ 1 శాతం సమాంతర రిజర్వేషన్ ఇచ్చారు, అంటే ఎవరి కుల కోటా వారికే ఉంచి, ఆ కోటా లోపలే ట్రాన్స్‌జెండర్లకు వాటా. ప్రభుత్వోద్యోగ నియామకాలకు వర్తించే మన స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ సవరిస్తే ఇక్కడా అదే చేయొచ్చు, చట్టం అక్కర్లేదు. కానీ 40 పోస్టుల నోటిఫికేషన్‌లో 1 శాతం అంటే సున్నా. అందుకని పోస్టులను వరసగా కేటగిరీలకు పంచే 100 పాయింట్ల రోస్టర్‌లో ఒక పాయింట్ ముందే కేటాయించాలి. నోటిఫికేషన్ మారినా లెక్క ఆగిన చోటి నుంచే సాగాలి. ఆ పాయింట్ ఒక్కో విడతలో ఒక్కో కేటగిరీకి మారుతూ పోవాలి. ఇది రాయకుండా జీవో ఇస్తే కాగితం మీద రిజర్వేషన్ ఉంటుంది, ఉద్యోగం ఒక్కరికీ రాదు.

పోలీసుల విషయంలో తమిళనాడును చూడండి. మద్రాస్ హైకోర్టు ఆదేశాల తర్వాత ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) వ్యక్తులను వేధించకూడదని పోలీసు ప్రవర్తనా నియమాల్లోనే చేర్చారు. ఇష్టపడి ఇల్లు విడిచిన ఇద్దరు మేజర్ అమ్మాయిలపై కిడ్నాప్ కేసు కట్టి, వారిని తిరిగి కుటుంబానికే అప్పగించకుండా ఆపడానికి మనకూ అలాంటి నియమం అత్యవసరం.

ఇంత పని జీవోలతోనే అయితే మరి కొత్త చట్టం ఎందుకు? అద్దె ఇళ్లలో, ప్రైవేటు ఉద్యోగాల్లో, ఆసుపత్రుల్లో వివక్షకు గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తులకు ఏ రక్షణా లేదు కాబట్టి. 2019 చట్టం వారిని తాకదు. స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేమని సుప్రీంకోర్టు అక్టోబరులో చెప్పింది కనుక, భాగస్వామి ఐసీయూలో ఉంటే సంతకం ఎవరిదన్న ప్రశ్న అలాగే మిగిలింది. వివాహం, క్రిమినల్ శిక్షలు కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోవి. బిల్లులో వాటిని ముట్టుకుని కేంద్ర చట్టంతో తేడా వస్తే రాజ్యాంగం 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి, ఫైలు ఢిల్లీలో ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. అందుకే మొదటి బిల్లును రాష్ట్ర పరిధిలోని ప్రజారోగ్యం, రాష్ట్ర సర్వీసులు, స్థానిక సంస్థల లైసెన్సులకు పరిమితం చేయండి. రోగి రాసిచ్చిన వ్యక్తినే దగ్గరి మనిషిగా ఆసుపత్రులు గుర్తించాలన్న నిబంధన అందులో తప్పకుండా ఉండాలి.

ఆరోగ్యశ్రీని మొన్ననే 10 లక్షలకు పెంచారు. హార్మోన్ చికిత్సకు, లింగ మార్పిడి శస్త్రచికిత్సకు బీమా ఉండాలని 2019 చట్టంలోని సెక్షన్ 15 చెబుతోంది. ఆ ప్యాకేజీలను చేర్చాలని మీరు ఆరోగ్యశాఖకు రాయాలి.

2022లో ఏర్పాటైన ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డును బడ్జెట్ సమావేశాలకు ముందే పిలిపించండి. కలెక్టర్లకు సర్క్యులర్, సర్వీస్ రూల్స్ సవరణ, రద్దు బిల్లు ముసాయిదాలతో మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
తెలంగాణలో ఎల్‌జీబీటీ హక్కుల కోసం పనిచేస్తున్న న్యాయవాదులు, కార్యకర్తలు