తలుపు అడుగు అంచు ఎప్పుడైనా చూశారా?

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ పత్రికలో ఇంటి తలుపుల మీద ఒక పూర్తి పేజీ వేశారు. ఫొటోలు బాగున్నాయి. గజలక్ష్మి చెక్కిన తలుపు, ఇత్తడి గంటల తలుపు, నెమళ్ల తలుపు. మా ఆవిడ ఆ పేజీ చింపి దాచుకుంది కూడా. ఇంట్లో మిగతా తలుపుల మాట ఎక్కడైనా ఉందేమోనని నేను రెండుసార్లు వెతికాను. ఒక్క ముక్కా లేదు. అందుకే ఈ ఉత్తరం. మాది గూడూరు దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుగా చెన్నై విల్లివాక్కంలో ఉంటూ వడ్రంగం చేస్తున్నాను.

మూడు పడకగదుల ఫ్లాటులో బాత్రూంలు, బాల్కనీ, వంటింటి వెనక గుమ్మం కలుపుకుంటే తొమ్మిది తలుపులు తేలతాయి. వీధి తలుపు ఒక్కదాని కోసం జనం నెలరోజులు సైడన్‌హామ్స్ రోడ్డులో షాపులు ఎక్కి దిగుతారు. ద్వారబంధం నిలబెట్టడానికి ముహూర్తం, నవధాన్యాలు, పసుపు, కుంకుమ అన్నీ దానికే. మిగతా ఎనిమిదీ ఒకే మధ్యాహ్నం, ఒకే షాపులో, "ఏదో ఒకటి ఇవ్వండి" అని తెచ్చేస్తారు. వానాకాలం వస్తే నాకు ఫోన్లు వచ్చేది ఆ ఎనిమిదింటి గురించే.

ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. "మేస్త్రీ, తలుపు పడటం లేదు, చిత్రిక పట్టి పోండి" అంటారు. నా సంచిలో గడ్డం గీసుకునే చిన్న అద్దం ఒకటి ఉంటుంది. ముందు దాన్ని తలుపు కింద నేల మీదికి జరిపి, ఫోన్ లైటు వేసి, ఇంటావిడను వంగి చూడమంటాను. పైన రెండు పూతల పెయింటు నిగనిగలాడుతుంటుంది. అడుగున మాత్రం పచ్చి చెక్క, షాపువాడు పెన్సిలుతో రాసిన నంబరుతో సహా అలాగే ఉంటుంది. స్టూలు వేసుకుని పై అంచు చూసినా అంతే. రంగు వేసే కుర్రాడు కంటికి ఆనిన మేరకే వేసి దిగిపోతాడు. చెక్క నీళ్లు తాగేది ముఖం మీంచి కంటే కోసిన కొసల నుంచే ఎక్కువ. ఆ కొసలు రెండూ వదిలేసి ముఖానికి ఎంత ఖరీదైన పాలిష్ పెట్టినా లాభం లేదు.

ఉబ్బి ఉన్నప్పుడు చిత్రిక పట్టనని చెబితే కొందరికి కోపం వస్తుంది. వేరేవాణ్ణి పిలిపించి పట్టించుకుంటారు. మార్చి ఎండలకు తలుపు కుంచించుకుపోయి వేలు దూరేంత సందు పడుతుంది, మళ్లీ నాకే ఫోను. సంక్రాంతి దాకా ఓపిక పట్టండి. ఆరాక కూడా రాచుకుంటుంటే ఆ చోట మాత్రమే తీసి, ఆరు ముఖాలకూ రంగు వేయించండి. కొత్త తలుపు బిగించేటప్పుడే చుట్టూ రూపాయి బిళ్లలు రెండు కలిపి పెట్టినంత మందం సందు వదిలితే ఈ బాధ చాలావరకు ఉండదు.

వీధి తలుపుకు టేకే కొనండి, కాదనను. ఎండా వానా తగిలే చోట గట్టి చెక్కకు సాటి లేదు. కాకపోతే టేకు అన్న ఒక్క మాట కింద షాపులో బర్మా, ఘనా, నాగ్‌పూర్ అని నాలుగైదు రకాలు చూపిస్తారు. ఊరి పేరు కంటే చేవ, అంటే మాను లోపలి ముదురు చెక్క, ముఖ్యం. చెద పట్టేది చేవకు కాదు, దాని పక్కన ఉండే తెల్లచెక్కకు. పాలిష్ పడ్డాక రెండూ ఒకే రంగులో కనబడతాయి కాబట్టి పాలిష్ కాకముందే వెళ్లి పలక కొస చూడండి. డబ్బు చాలకపోతే వేగిస, మద్ది ఉన్నాయి. మా తాత ఊళ్లో వేప తలుపులే చేసేవాడు, కోసిన చెక్కను ఏడాది నీడన ఆరబెట్టి. ఇప్పుడు ఏడాది ఆగమంటే ఎవరాగుతారు?

ఫ్లాటు బ్రోచర్లలో "టేకు తలుపు" అని ఉంటుంది. చాలాసార్లు అది ఫ్లష్ తలుపు (చట్రానికి రెండు వైపులా ప్లైవుడ్ అతికించిన నున్నటి తలుపు) మీద అర మిల్లీమీటరు టేకు పొర. పొరను నేను తప్పుపట్టను, లోపలి గదులకు మంచి ఫ్లష్ తలుపు చాలు. లోపల ఏముందో మాత్రం అడగాలి. ఫ్లష్ తలుపుల ప్రభుత్వ ప్రమాణం ఐఎస్ 2202 ముద్ర ఉందా, మందం 30 మిల్లీమీటర్లా 35 ఆ, చుట్టూ గట్టి చెక్క పట్టీ ఉందా? కొబ్బరికాయ కొట్టి చూసినట్టు వేలి కణుపులతో కొట్టండి. బోలుగా మోగితే లోపల అట్ట జాలీ. అలాంటి వాటిలో తాళం కోసం ఒక్కచోటే చెక్క ముక్క పెడతారు, పక్కన ఇంకెక్కడ స్క్రూ వేసినా నిలవదు.

2015 డిసెంబరు వరద తర్వాత సైదాపేట, కొట్టూరుపురం ఇళ్లలో మూడు నెలలు పనిచేశాను. చవక ఫ్లష్ తలుపులు తడిసిన పుస్తకాల్లా పొరలు విచ్చుకున్నాయి. పాత టేకు ద్వారబంధాలను కడిగి ఆరబెడితే మళ్లీ పనికొచ్చాయి. 2023లో మిచౌంగ్ తుఫాను తర్వాత వేళచ్చేరిలోనూ అదే చూశాను.

బాత్రూంకు చెక్క వద్దు. వడ్రంగిని అయ్యుండి ఈ మాట చెబుతున్నాను. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) గానీ, మంచి డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన పలక) గానీ వేయించుకోండి. సముద్రం దగ్గర, అంటే తిరువాన్మియూరు వైపు ఉంటే ఇనప బందులు వద్దు. స్టెయిన్‌లెస్ స్టీల్, అందులోనూ 316 రకం అడగండి.

బాత్రూం గురించి ఇంకొకటి చెప్పాలి. నాలుగేళ్ల కిందట అయనావరంలో ఒక ఇంటివాళ్లు పొద్దున్నే ఏడుస్తూ ఫోన్ చేశారు. పెద్దావిడ లోపల జారి పడింది. లోపలికి తెరుచుకునే తలుపు, లోపల గడియ వేసి ఉంది, బందులూ లోపలి వైపే. రంధ్రం చేసి గడియ తీశాను, అయినా తలుపు కదలదు. ఆవిడ దానికే ఆనుకుని పడి ఉంది. తోస్తే ఆవిడ మీదకే వెళుతుంది. చివరికి తలుపు పై సగం రంపంతో కోసి, వాళ్ల మనవణ్ణి లోపలికి దించాం. కోస్తున్నంతసేపూ లోపల్నుంచి "మెల్లగా నాయనా, తలుపు పాడవుద్ది" అంటూనే ఉంది. తుంటి ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. తర్వాత ఆ ఇంట్లో మూడు బాత్రూం తలుపులూ బయటికి తెరుచుకునేలా మార్చాను. మార్చే వీల్లేని చోట బయట నుంచి నాణెంతో తిప్పి తీసే గడియ పెడతాను. వెడల్పు కూడా చూసుకోండి. రెండున్నర అడుగుల తలుపులో చక్రాల కుర్చీ పట్టడం కష్టం. 2021లో కేంద్రం ఇచ్చిన ప్రమాణాల్లో చక్రాల కుర్చీ వాడేవాళ్లకు తలుపు దగ్గర 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని ఉంది.

ఫ్లాటు కొనేవాళ్లు ఈ వివరాలన్నీ ఒప్పందంలో రాయించుకోవాలి. ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లను అదుపు చేసే రెరా చట్టం 14వ సెక్షన్ కాగితం నాకు ఒక ఇంటాయన చూపించాడు. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో లోపం ఉందని చెబితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేసి ఇవ్వాల్సింది బిల్డరే. పొరలు విచ్చుకున్న తలుపు కూడా అందులోకే వస్తుందని ఆయన వాదించాడు. ఒక బిల్డరు నాలుగు తలుపులు మార్చి ఇచ్చాడు, బిగించింది నేనే. చాలామంది ఆ సంగతి తెలియక నాకు డబ్బిచ్చి బాగు చేయించుకుంటున్నారు. నాకు పని దొరుకుతోంది కదా అని ఊరుకోలేను.

మళ్లీ తలుపుల పేజీ వేస్తే, నెమళ్ల పక్కన ఒక తలుపు అడుగు అంచు ఫొటో కూడా వేయండి. అద్దం నేను తెస్తాను.

ఇట్లు,
ఒక వడ్రంగి మేస్త్రి,
విల్లివాక్కం, చెన్నై