అమెరికా టికెట్: ముందు అడగాల్సింది పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) గురించి

సంపాదకులకు,

ఆగస్టులో తరగతులు మొదలయ్యే అమెరికా యూనివర్సిటీలకు కోవిడ్ వేళ, 2021లో, మన పిల్లలు బయల్దేరిన రోజుల మాట ఇది. భారత్ నుంచి వచ్చేవారిపై అమెరికా 2021 మే 4 నుంచి ఆంక్షలు పెట్టినా, ఆగస్టు 1న గానీ ఆ తర్వాత గానీ కోర్సు మొదలయ్యే ఎఫ్-1 (చదువు వీసా) విద్యార్థులను మినహాయించింది. కోర్సు తేదీకి 30 రోజుల కంటే ముందు మాత్రం రానివ్వదు. రెగ్యులర్ అంతర్జాతీయ సర్వీసులు అప్పటికి 2020 మార్చి నుంచి ఆగిపోయి ఉన్నాయి. ఎయిర్ బబుల్ ఒప్పందాల (కోవిడ్ వేళ రెండు దేశాలు పరిమితంగా విమానాలు నడుపుకునే ఒప్పందాలు) కింద నడిచిన కొద్ది విమానాలకే గిరాకీ అంతా ఉండేది. దాంతో ఎన్నడూ పేరు వినని ఎయిర్‌లైన్‌లోనైనా సరే, ఎకానమీ సీటు దొరికితే చాలని కొనేసేవారు. "ఆ విమానం మంచిదేనా?" అని తల్లిదండ్రులు అడిగేవారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: టికెట్ మొత్తం ఒకే పీఎన్‌ఆర్‌పై ఉందా?

చవగ్గా కనిపించే టికెట్లలో కొన్ని, రెండు విడి బుకింగులను జతచేసి అమ్మేవి. వాటిలో లగేజీ సాధారణంగా మధ్య ఊళ్లోనే దిగిపోతుంది. దాన్ని తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలంటే ఇమిగ్రేషన్ దాటి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి. అంటే అక్కడి వీసా కావాలి, అప్పట్లో అక్కడి క్వారంటైన్ నిబంధనలూ వర్తించేవి. బ్రిటన్ 2021 ఏప్రిల్ 23 నుంచి భారత్‌ను రెడ్ లిస్టులో (కోవిడ్ వల్ల రాకపై కఠిన ఆంక్షలున్న దేశాల జాబితాలో) ఉంచింది. లండన్‌లో బయటికొచ్చి విమానం మారాల్సిన విద్యార్థిని ఇక్కడి చెకిన్ కౌంటర్‌లోనే ఆపేసేవారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, మళ్లీ ప్యారిస్‌లో మారే టికెట్ మరో రకం చిక్కు. ఆ రెండు ఊళ్ల మధ్య ప్రయాణం షెంజెన్ (ఉమ్మడి వీసా ఉన్న ఐరోపా దేశాల ప్రాంతం) లోపలి ప్రయాణమే కాబట్టి, ఒకే పీఎన్‌ఆర్ ఉన్నా షెంజెన్ వీసా లేనిదే కుదరదు. బబుల్ ఒప్పందాలూ అన్నీ ఒకలా ఉండేవి కావు. కొన్నిటి కింద ఆ దేశం మీదుగా మూడో దేశానికి వెళ్లే వీలుండేది, కొన్నిటి కింద ఉండేది కాదు. ఆ వివరాలు పౌర విమానయాన శాఖ వెబ్‌సైట్‌లో దేశాలవారీగా ఉండేవి, డబ్బు కట్టకముందే చదవాల్సి వచ్చేది.

అప్పట్లో కోవిడ్ పరీక్ష గడువు కూడా పీఎన్‌ఆర్‌ను బట్టే మారేది. అమెరికా లెక్క గంటల్లో కాదు, రోజుల్లో: శుక్రవారం విమానమైతే మంగళవారం ఏ వేళ శాంపిల్ ఇచ్చినా చెల్లేది. ఒకే పీఎన్‌ఆర్ అయి, ప్రతి ట్రాన్సిట్ 24 గంటలు మించకపోతే, ఇక్కడ ఎక్కే మొదటి విమానం నుంచి లెక్కించేవారు. విడి టికెట్లయితే అమెరికాలో దిగే విమానం నుంచి లెక్క ఉండేది. మధ్యలో ఇంకో రోజు గడిచిందంటే రిపోర్టు చెల్లకుండా పోయే ప్రమాదం ఉండేది. అమెరికాకు యాంటిజెన్ పరీక్ష అయినా సరిపోయేది గానీ, ఆర్టీపీసీఆరే కావాలని, అదీ 72 గంటల్లోపుదే కావాలని పట్టుబట్టే ఎయిర్‌లైన్లు, ట్రాన్సిట్ దేశాలు ఉండేవి. అన్నిటిలో కఠినమైన నిబంధనకు సరిపడేలా పరీక్ష చేయించుకోవాల్సి వచ్చేది. రిపోర్టుపై శాంపిల్ తీసిన తేదీ, వేళ రెండూ ఉండాల్సి వచ్చేది. ల్యాబుల్లో ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టేయడం మన దగ్గర మామూలే. అలా ఒప్పుకుంటే కుదిరేది కాదు. పాస్‌పోర్టులో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరుతో సహా రాయించాల్సి వచ్చేది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవారికి వీసాపై "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అలాంటివారు టికెట్‌పై పేరు ఎలా ఉండాలో ఎయిర్‌లైన్‌నే అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోవాలి.

ఆ రోజుల్లో విమానంలో గాలి గురించి భయం ఎక్కువగా ఉండేది. ఎగురుతున్నప్పుడు క్యాబిన్ గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది, తిరిగి వాడే గాలి హెపా ఫిల్టర్ల (అతి సూక్ష్మ కణాలను పట్టే వడపోతల) గుండా వస్తుంది. అంతకంటే జాగ్రత్త పడాల్సినవి వేరే ఉండేవి: చెకిన్ క్యూలు, ఎక్కేటప్పటి తోపులాట, గాలి సరఫరా మందగించి విమానం నేల మీద ఆగి ఉండే సమయం, అందరూ ఒక్కసారిగా మాస్కు తీసే భోజనవేళ. పక్కవారు తిని మాస్కు పెట్టుకున్నాక తినమనేవాళ్లం. కిటికీ సీటైతే పక్కనుంచి నడిచేవారు తగ్గుతారు. ఎన్95 మాస్కులు నాలుగైదు ఉంచుకోమనేవాళ్లం, వాల్వ్ ఉన్నవి అమెరికా అప్పట్లో ఒప్పుకునేది కాదు. దుప్పట్లు ఇవ్వని ఎయిర్‌లైన్లున్నాయి, ట్రాన్సిట్‌లో దుకాణాలు మూసి ఉండొచ్చు. శాలువా, చపాతీలు, ఖాళీ నీళ్లసీసా చేతిసంచిలో పెట్టండి. శానిటైజర్ 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ఆవకాయ చెకిన్ లగేజీలోనే వేయండి, క్యాబిన్‌లోకి తెస్తే ద్రవపదార్థమని తీసేస్తారు.

చివరిగా ఏజెంట్లకూ, కన్సల్టెన్సీలకూ ఒక డిమాండ్. బుకింగ్‌లో మీ ఫోన్, మీ మెయిల్ ఇస్తే విమానం వేళ మారిన కబురు ప్రయాణికుడికి చేరదు. ఆ రోజుల్లో వేళలు తరచూ మారేవి. విద్యార్థి నంబరే ఇవ్వండి, ఎయిర్‌లైన్ సొంత ఆరక్షరాల పీఎన్‌ఆర్ చేతికివ్వండి. విమానం రద్దయితే ఎయిర్‌లైన్ నుంచి డబ్బు మీ ఖాతాకే వస్తుంది కాబట్టి, దాన్ని ఎన్నిరోజుల్లో, ఎంత మినహాయించి తిరిగిస్తారో సొమ్ము తీసుకునే రోజే రాసివ్వండి.

ఇట్లు,
టికెటింగ్ పనిలో ఉన్న కొందరు ఉద్యోగులు, హైదరాబాద్