దీపం వెలిగించినవాళ్ల పేర్లు సరే, నాటిక ఎలా ఆడారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. నాటక పరిషత్తులు, అంటే నాటికల పోటీలు నిర్వహించే సంస్థలు, పెట్టే పోటీల వార్త జిల్లా పేజీలో వచ్చినప్పుడల్లా ఒకటే వరస. జ్యోతి ప్రజ్వలన ఫొటో, ముఖ్య అతిథి మాటలు, ఆపైన పది పదిహేను పేర్లు, చివర్లో 'అనంతరం ప్రదర్శించిన నాటికలు ప్రేక్షకులను ఆకట్టుకున్నాయి' అని ఒక్క వాక్యం. ఆ వాక్యం రాసేటప్పటికి చాలాసార్లు మొదటి నాటికకు తెర కూడా లేచి ఉండదు. విలేకరి బద్ధకమని తేల్చేయడం తేలికే కానీ, అసలు కారణాలు గడియారంలోనూ లైన్ అకౌంట్‌లోనూ (అచ్చయిన స్థలాన్ని కొలిచి డబ్బు కట్టే పద్ధతి) ఉన్నాయి.

సభ ఆరున్నరకని కరపత్రంలో వేస్తారు, ఏడున్నరకు మొదలవుతుంది. ఉపన్యాసాలు, శాలువాలు అయ్యేసరికి ఎనిమిదిన్నర. ఒక్కో నాటిక గంటకు అటూ ఇటూ, మధ్యలో సెట్టు మార్చడానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. రాత్రికి మూడు నాటికలంటే చివరిది ముగిసేసరికి అర్ధరాత్రి. జిల్లా పేజీ అప్పటికే ప్రెస్సుకు వెళ్లిపోయి ఉంటుంది. అందుకే కంట్రిబ్యూటర్ (ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరి) కరపత్రం చూసి వార్త పంపేస్తాడు. ఆ కరపత్రమేమో ఎప్పుడో ముందు అచ్చయింది, ఈలోగా పాత్రధారులు మారిపోతారు. స్త్రీ పాత్రలు వేసేవారు మనకు తక్కువ, ఒకే నటి ఒకే పరిషత్తులో రెండు మూడు నాటక సమాజాలకు (నాటిక ఆడే బృందాలకు) వేయడం మామూలే. ఆమెకు కుదరక మరొకరు వచ్చి వేసినా అచ్చులో పాత పేరే పడుతుంది. రేపు పింఛనుకో పురస్కారానికో దరఖాస్తు పెట్టుకునే కళాకారులు జత చేసేది ఈ కటింగులనే. కాబట్టి పేర్లు మేకప్ గదిలోనే, ఇంటిపేరు, ఊరు సహా, రాసుకున్నది వాళ్లకే చూపించి సరిచూసుకోవాలి. పది నిమిషాల పని.

లైన్ అకౌంట్ సంగతి. ఫ్రీలాన్సర్‌కు డబ్బు అచ్చయిన స్థలాన్ని బట్టి వస్తుంది. మూడు నాటికలు చూసి మూడు వందల మాటల సమీక్ష పంపితే, ప్రకటన ఒకటి వచ్చి పడగానే డెస్కు (ఆఫీసులో పేజీ దిద్దే ఉపసంపాదకులు) దాన్ని వంద మాటలకు దించుతుంది. కోసేది కింది నుంచి. వార్తలో ముఖ్యమైనది పైన ఉంటుంది కనుక అక్కడ ఆ పద్ధతి సరైనదే. సమీక్షలో మాత్రం పైన కథ, మధ్యలో నటీనటులు, చివర్లో అభిప్రాయం ఉండటం అలవాటు. కింద కోస్తే కథ ఒక్కటే మిగులుతుంది. నాటిక బాగుందో లేదో చెప్పని సమీక్షలు అన్ని రావడానికి కారణం మొహమాటం కొంత, ఈ కత్తెర కొంత. రాసేవారు తీర్పును మొదటి పేరాలోనే చెప్పి, కథను రెండు వాక్యాలకు మించనీయకపోతే సగం బాధ తప్పుతుంది. డెస్కు కూడా కోయాల్సి వస్తే ముందు కథను కోయాలి.

ఇక నటన గురించి. 'పాత్రలో జీవించారు', 'ఒదిగిపోయారు', 'రక్తి కట్టించారు' అనే మాటలు ఏ నటుడికైనా ఏ నాటికకైనా సరిపోతాయి. అలా సరిపోతున్నాయంటే ఏమీ చెప్పడం లేదన్నమాట. నటుడు ఏం చేశాడో రాయాలి. కొడుకు చనిపోయిన కబురు విన్న తండ్రి వెంటనే అరిచాడా, చేతిలో పని పూర్తి చేసి అప్పుడు తలెత్తాడా? ఎదుటి పాత్ర మాట్లాడుతుంటే విన్నాడా, తన డైలాగు కోసం కాచుక్కూర్చున్నాడా? వేదికకు పైన మైకులు వేలాడదీస్తే నటులు తెలియకుండానే వాటి కిందికి చేరతారు. ఇంట్లో దూరం దూరంగా ఉండాల్సిన మొగుడూ పెళ్లాలు భుజాలు రాసుకుంటూ పోట్లాడుకోవడం అందుకే. అది దర్శకుడి తప్పా, మైకు అమరికదా అన్నది తెలిసి రాస్తే ఆ సమాజానికి పనికొస్తుంది. ఒక నాటికను ఒకే సీజన్‌లో అనేక పరిషత్తులకు తిప్పుతారు, మొదట్లోనే తప్పు చెబితే తర్వాతి ఊరికి దిద్దుకుంటారు.

పద్య నాటకానికి వేరే చెవి కావాలి. సమాసం మధ్యలో ఊపిరి తీశాడా? భావం పూర్తయ్యాక రాగం అందుకున్నాడా, మాట తెలియకముందే ఆలాపనలోకి దూకాడా? గొంతు అలసినా శ్రుతి తగ్గించుకోక పై స్థాయిలో పగిలిందా? 'వన్స్ మోర్' పడినంత మాత్రాన పద్యం బాగున్నట్టు కాదు. ఒక్కోసారి అది చివరి రాగానికి పడుతుంది, పద్యానికి కాదు.

ముందు వరుసలో కూర్చోవద్దు. అక్కడ గొంతు ఎంత దూరం పోతోందో తెలియదు, అతిథుల పలకరింపులూ తప్పవు. ఆరేడు వరుసలు వెనక కూర్చుని, ఒక నాటికలో కాసేపైనా చివరి వరుసకు వెళ్లి వినాలి. ఫొటోకు ఫ్లాష్ వాడకూడదు. షట్టర్ వేగం సెకనులో 1/125 వంతుకు తగ్గితే కదిలే చెయ్యి మసకబారుతుంది, కాబట్టి ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును పట్టే శక్తి) 1600 నుంచి 3200 దాకా పెంచక తప్పదు. నల్ల తెర ముందు కెమెరాను ఆటోలో వదిలేస్తే చీకటిని చూసి వెలుతురు పెంచుతుంది, ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి. వెలుతురు కొలత ముఖం మీద తీసుకోవాలి. ఎల్ఈడీ లైట్ల కింద షట్టర్ మరీ వేగంగా పెడితే అడ్డచారలు పడతాయి. సురభి నాటకాలకు వెళ్లినవారు వైరు మీద ఎగిరే పాత్రను ఫొటో తీసి 'మాయాజాలం' అని రాసి వచ్చేస్తారు. తెర వెనక ఆ తాడు పట్టినవారి పేరూ అడగాలి. 1885 నుంచి నడుస్తున్న ఆ సంప్రదాయంలో సగం నైపుణ్యం అక్కడే ఉంది.

ఈ పనితోనే బతకడం కుదురుతుందా అంటే, దినపత్రిక సమీక్షతో మాత్రమే కుదరదు. ఒకే ప్రయాణంలో సమీక్షతోపాటు ఆదివారం అనుబంధానికి ఒక ఇంటర్వ్యూ, ఆకాశవాణికి ఒక ప్రసంగం తయారు చేసుకోవాలి. పెద్ద వయసు నటుల వివరాలు, పాత ఫొటోలు, వాళ్లు బాగున్నప్పుడే సేకరించి దాచాలి. మరణవార్త రాత్రి తొమ్మిదికి వస్తే అప్పుడు వెతకడానికి సమయం ఉండదు, తప్పుడు తేదీలు అచ్చవుతాయి. అచ్చయిన ప్రతి పేజీనీ ఆ రోజే భద్రపరచుకోవాలి, బిల్లు అడిగినప్పుడు చూపాల్సింది అదే. ఏ పరిషత్తులో న్యాయనిర్ణేతగా కూర్చున్నారో ఆ పరిషత్తు గురించి రాయకూడదు. నిర్వాహకులు బస, దారి ఖర్చులు ఇచ్చి ఉంటే ఆ సంగతి డెస్కుకు ముందే చెప్పాలి. ప్రదర్శన చూడకముందే వేదిక మీద శాలువా కప్పించుకున్నవారి సమీక్షకు విలువెంతో పాఠకులకు తెలుసు.

ఏటా ఏప్రిల్ 16న కందుకూరి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన నాటకాలు రాసి ఆడించారు, పత్రికా నడిపారు. ఆ రోజు మీ పేజీల్లో విగ్రహానికి దండ వేసే ఫొటో ఎలాగూ వస్తుంది. దాంతోపాటు మూడు మార్పులు చేయమని కోరుతున్నాను. పరిషత్తుల సీజన్‌లో జిల్లా పేజీలో వారానికొకసారి నాటక సమీక్షకు స్థలం కేటాయించండి. రాత్రి చూసిన నాటికపై రాయడానికి మర్నాడు మధ్యాహ్నం వరకు గడువివ్వండి, ఒకరోజు ఆలస్యమైతే సమీక్ష పాచిపోదు. పారితోషికం సెంటీమీటర్ల లెక్కన కాకుండా సమీక్షకు ఇంతని ముందే ఖాయం చేసి, దారి ఖర్చులు విడిగా ఇవ్వండి.

ఇట్లు,
నాటకరంగంపై రాసే ఒక ఫ్రీలాన్సర్,
తెనాలి